ఇదేం డిస్క్ ఇమేజ్? తెరిచే ముందు చూడాల్సిన బైట్లు

(చెన్నైలో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగ పాఠం. తెరమీద చూపిన కమాండ్లు ఇక్కడ మాటల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే చేయాలి.)

అందరికీ నమస్కారం. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బీరువా వెతికితే మూడు రకాల సీడీలు దొరుకుతాయి. పెళ్ళి వీడియో ఉన్న వీసీడీలు, కచేరీల ఆడియో సీడీలు, డీటీపీ చేసినవాళ్ళయితే పాత పేజీలు దాచిన డేటా సీడీలు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి ఎవరో ముందుచూపుతో వాటిని ఇమేజ్‌లుగా, అంటే డిస్కు మొత్తాన్ని ఫైలు రూపంలో కాపీ చేసి, హార్డ్ డిస్కులో పెట్టి ఉంటారు. ఏ సాఫ్ట్‌వేర్‌తో తీశారో అడుగుదామంటే ఆ మనిషి ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. మనకు మిగిలేది బిన్, ఎన్‌ఆర్‌జీ, ఎండీఎఫ్, ఐఎంజీ, డీఎంజీ అనే తోకలున్న ఫైళ్ళు. డబుల్ క్లిక్ చేస్తే విండోస్ చాలావాటికి దేనితో తెరవాలో మననే అడుగుతుంది; ఐఎంజీ అయితే, లేదా పేరు ఐఎస్‌ఓగా మార్చి నొక్కితే, "డిస్క్ ఇమేజ్ పాడైంది" అంటుంది. చాలామంది అక్కడే ఆశ వదులుకుంటారు. నిజానికి చాలాసార్లు ఫైలు శుభ్రంగానే ఉంటుంది. విండోస్ దాన్ని ఐఎస్‌ఓ (సీడీ, డీవీడీ డేటా ఇమేజ్‌లకు మామూలుగా వాడే రకం) అనుకుని చదవబోయింది, అది ఐఎస్‌ఓ కాదు, అంతే.

ఈ రోజు చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. ఎక్స్‌టెన్షన్, అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాతి ముక్క, ఎవరో పెట్టిన పేరు. లోపల ఏముందో చెప్పేవి బైట్లు. ముందు ఆ ఫైలు ఏమిటో తేల్చుకోవాలి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ వెతకాలి. ఈ వరుస తప్పితే ఆరు ఉచిత కన్వర్టర్లు ఇన్‌స్టాల్ చేస్తారు, అందులో రెండు వైరస్‌ను వెంటబెట్టుకొస్తాయి, ఫైలు మాత్రం తెరుచుకోదు.

అన్నిటికన్నా ముందు ఒక జాగ్రత్త. అసలు ఫైలు మీద పని చేయకండి. కాపీ తీసుకుని, అసలుదానికి రీడ్-ఓన్లీ గుర్తు పెట్టి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాసుకోండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్‌కు హ్యాష్‌ఫైల్ ఆప్షన్, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని ఇస్తే వస్తుంది, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్. ఐఎస్‌ఓ అయితే పరవాలేదు, దాన్ని తెరిచినా ఎవరూ అందులో రాయరు. కానీ వీహెచ్‌డీ లాంటి హార్డ్ డిస్క్ ఇమేజ్‌ను విండోస్‌లో మామూలుగా తగిలిస్తే, మీరు ఏమీ ముట్టుకోకపోయినా అది తన సిస్టమ్ ఫోల్డరు ఒకటి అందులో పెట్టేస్తుంది. లినక్స్ ఇంకాస్త తెలివిమీరింది. లినక్స్ వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కును "రీడ్-ఓన్లీ" అని చెప్పి మౌంట్ చేసినా, అంటే తగిలించినా, అది సరిగ్గా మూసి ఉండకపోతే జర్నల్ అనే చిట్టాలో పెండింగు ఉన్న మార్పులను ముందు డిస్కులోకి రాసేస్తుంది. దాన్ని ఆపాలంటే ఫైలును డిస్కులా చూపించే లూప్ డివైస్‌నే రీడ్-ఓన్లీగా పెట్టాలి. అప్పుడు "రాయడానికి వీల్లేదు, నోలోడ్ పెట్టి చూడండి" అంటుంది. ఆ నోలోడ్ ఆప్షన్ ఇవ్వండి.

ఇక సైజు. ప్రాపర్టీస్‌లో మెగాబైట్ల లెక్క చూడకండి, పక్కన పూర్తి బైట్ల సంఖ్య ఉంటుంది, అది చూడండి. సీడీని సెక్టర్లు అనే సమాన ముక్కలుగా రాస్తారు. డేటా సీడీలో ఒక్కో సెక్టరులో మనకు పనికొచ్చేది 2048 బైట్లు. డిస్కు మీద మాత్రం సెక్టరు 2352 బైట్లు ఉంటుంది: 12 బైట్ల సింక్ (సెక్టరు మొదలును చూపే గుర్తు), 4 బైట్ల హెడర్, 2048 డేటా, మిగిలిన 288 తప్పుల్ని పట్టుకుని దిద్దే కోడ్. ఐఎస్‌ఓ ఫైల్లో 2048 మాత్రమే తీసుకుంటారు, బిన్ ఫైల్లో 2352 మొత్తం తీసుకుంటారు. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టర్లు. ఐఎస్‌ఓ అయితే 73,72,80,000 బైట్లు, బిన్ అయితే 84,67,20,000. "700 ఎంబీ సీడీలో 800 ఎంబీ ఫైలు ఎలా పట్టింది" అని అడుగుతుంటారు. ఇదీ జవాబు.

అంటే సైజును 2048తో భాగించండి, 2352తో భాగించండి, ఏది శేషం లేకుండా పోతే అది. 2448తో పోతే ఒక్కో సెక్టరుకు 96 బైట్ల సబ్‌ఛానల్ (ట్రాకు, సమయం లాంటి వివరాలు) కూడా కలిపి తీశారన్నమాట. కానీ దీన్ని రుజువుగా తీసుకోకండి, సూచనగా మాత్రమే తీసుకోండి. ప్రతి 3,01,056 బైట్లకోసారి 2048, 2352 రెండిటికీ లొంగే సంఖ్య వస్తుంది. 147 ఐఎస్‌ఓల్లో ఒకటి ఊరికే బిన్‌లా కనిపించవచ్చు. ఫ్లాపీ ఇమేజ్‌లకు మాత్రం సైజే గుర్తింపు కార్డు. 14,74,560 అంటే 1.44 ఎంబీ ఫ్లాపీ, 7,37,280 అంటే 720 కేబీ ఫ్లాపీ. ఇందాకటి నిండు సీడీ సంఖ్యకూ దీనికీ మూడు సున్నాలే తేడా, తొందరలో చూసి పొరబడకండి.

సైజు తర్వాత ఫైలు తల, తోక, అంటే మొదటి బైట్లు, చివరి బైట్లు. విండోస్‌లో హెచ్‌ఎక్స్‌డీ అనే ఉచిత హెక్స్ ఎడిటర్ (బైట్లను బైట్లుగానే చూపేది) చాలు. మ్యాక్, లినక్స్‌లో ఎక్స్‌ఎక్స్‌డీ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవకండి. తెరవడానికి యుగం పడుతుంది, పొరపాటున సేవ్ నొక్కితే ఫైలు పని అయిపోతుంది.

ఐఎస్‌ఓ 9660 అనే పద్ధతిలో రాసిన డిస్కులో మొదటి 16 సెక్టర్లు ఖాళీగా వదిలి, ఆ తర్వాతి సెక్టరులో వివరాలు మొదలవుతాయి. 16 ఇంటు 2048 అంటే 32,768. అక్కడ ఒక బైటు వదిలి, 32,769 దగ్గర సి, డి అనే అక్షరాలు, వెంటనే 001 కనిపించాలి. కనిపిస్తే అది ఐఎస్‌ఓ, పేరు ఏదైనా సరే. ఎక్స్‌టెన్షన్‌ను ఐఎస్‌ఓగా మార్చి డబుల్ క్లిక్ చేయండి. విండోస్ 8 నుంచి దానంతటదే మౌంట్ చేస్తుంది. అదే చోట ఎన్‌ఎస్‌ఆర్02 గానీ ఎన్‌ఎస్‌ఆర్03 గానీ కాస్త కిందుగా ఉంటే డీవీడీలకు వాడే యూడీఎఫ్ అనే ఫైల్ సిస్టమ్ కూడా ఉందని అర్థం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. విండోస్ ఇన్‌స్టాలేషన్ డీవీడీల ఐఎస్‌ఓను పాత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే లోపల ఒకే ఒక్క రీడ్‌మీ ఫైలు కనిపిస్తుంది. ఇమేజ్ సగమే వచ్చిందని మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తారు పాపం. అసలు సరుకంతా యూడీఎఫ్ వైపు ఉంది, ఆ సాఫ్ట్‌వేర్ ఐఎస్‌ఓ 9660 వైపు మాత్రమే చూసింది.

ఫైలు మొదటి బైటు 00, తర్వాత పది ఎఫ్‌ఎఫ్‌లు, మళ్ళీ 00 ఉంటే అది 2352 బైట్ల ముడి సెక్టరు. 15వ స్థానంలో, సున్నా నుంచి లెక్కపెట్టాలి సుమా, 1 ఉంటే మోడ్ 1, 2 ఉంటే మోడ్ 2. అప్పుడు ఆ సీడీ001 గుర్తు మోడ్ 1లో 37,649 దగ్గర, మోడ్ 2లో మామూలుగా 37,657 దగ్గర దొరుకుతుంది. అందుకే బిన్ ఫైలు పేరు ఐఎస్‌ఓగా మారిస్తే పని జరగదు. మధ్యమధ్యలో వేరే బైట్లు ఇరుక్కుని ఉన్నాయి, వాటిని తీసేయాలి.

మరికొన్ని గుర్తులు త్వరగా చెప్పేస్తాను. మొదటి నాలుగూ వర్చువల్ మెషీన్ల, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ల, డిస్కులవి. మొదట్లోనే క్యూ, ఎఫ్, ఐ, ఆ వెంట ఎఫ్‌బీ అనే బైటు ఉంటే క్యూకౌ2. కే, డీ, ఎం, వీ ఉంటే వీఎండీకే. "వీహెచ్‌డీఎక్స్‌ఫైల్" అని ఉంటే వీహెచ్‌డీఎక్స్. వర్చువల్‌బాక్స్ వీడీఐ అయితే ఇంగ్లీషు వాక్యంలాగా తన పేరే రాసుకుంటుంది. "ఎంఎస్‌విమ్" అంటే విండోస్ విమ్ ఫైలు. 510, 511 స్థానాల్లో 55, ఏఏ ఉంటే ఎంబీఆర్, అంటే హార్డ్ డిస్క్ ఇమేజ్ కావచ్చు. 512 దగ్గర "ఈఎఫ్‌ఐ పార్ట్" అని ఉంటే జీపీటీ, అంటే కొత్తరకం పార్టిషన్ పట్టిక. అయితే నేటి లినక్స్ ఐఎస్‌ఓల్లో 55 ఏఏ కూడా ఉంటుంది, సీడీ001 కూడా ఉంటుంది, పెన్‌డ్రైవ్ నుంచీ బూట్ కావాలని అలా చేస్తారు. రెండూ కనిపిస్తే కంగారు పడకండి, ఐఎస్‌ఓగానే తెరవండి.

కొన్ని ఫార్మాట్లు తమ గుర్తును తోకలో పెట్టుకుంటాయి. ఆపిల్ డీఎంజీకి చివరి 512 బైట్ల మొదట్లో "కోలీ" (కే, ఓ, ఎల్, వై) అనే నాలుగు అక్షరాలు. వీహెచ్‌డీకి చివరి 512 బైట్లలో "కనెక్టిక్స్" (ఇంగ్లీషులో ఒకే ఎన్‌తో). సీడీలు రాసే నీరో సాఫ్ట్‌వేర్ ఎన్‌ఆర్‌జీకి చివరి 12 బైట్లలో ఎన్‌ఈఆర్5, పాతదైతే చివరి 8 బైట్లలో నీరో. ఇది తెలియకపోతే లినక్స్‌లోని ఫైల్ కమాండ్ తప్పుదారి పట్టిస్తుంది. అది ఎక్కువగా తలను చూసే చెబుతుంది. డీఎంజీని "జెడ్‌లిబ్ డేటా" అంటుంది, ఫిక్స్‌డ్ వీహెచ్‌డీని బూట్ సెక్టరు అంటుంది. ఇంకో సంగతి, డౌన్‌లోడ్ మధ్యలో తెగితే పోయేది తోకే. కోలీ కనిపించని డీఎంజీని రిపేర్ చేయాలని కూర్చోకండి, మళ్ళీ తెచ్చుకోండి.

ఇప్పుడు బిన్, క్యూల దగ్గర కాసేపు ఆగుదాం, మన పెళ్ళి వీడియోలూ కచేరీలూ ఉన్నవి వీటిలోనే. క్యూ (సీయూఈ) అనేది బిన్‌లో ఏ ట్రాకు ఎక్కడుందో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు. మొదటి వరుసలో ఫైల్ అనే మాట, కోట్ గుర్తుల మధ్య బిన్ ఫైలు పేరు, చివర బైనరీ. రెండో వరుసలో ట్రాక్ 01, మోడ్1/2352. మూడో వరుసలో ఇండెక్స్ 01, 00:00:00. ఆ చివరి సంఖ్యలో నిమిషాలు, సెకండ్లు, ఫ్రేములు ఉంటాయి. సెకండుకు 75 ఫ్రేములు, 100 కాదు. క్యూ పోతే ఈ మూడు వరుసలు మీరే రాసుకోవచ్చు, ఒకే డేటా ట్రాకు ఉన్న సీడీకి అది సరిపోతుంది. ఎక్కువసార్లు అయ్యే తప్పేమిటంటే, ఎవరో బిన్ ఫైలుకు "అక్క పెళ్ళి" అని కొత్త పేరు పెడతారు, క్యూ లోపల మాత్రం పాత పేరే ఉంటుంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ తెరవదు. క్యూను నోట్‌ప్యాడ్‌లో తెరిచి పేరు సరిచేయండి. దీనికి నోట్‌ప్యాడ్ వాడొచ్చు.

విండోస్‌లో విన్‌సీడీఈము, లినక్స్‌లో సీడీఈము క్యూ ఫైలును తీసుకుని వర్చువల్ డ్రైవ్ చూపిస్తాయి. తెరవాల్సింది క్యూను, బిన్‌ను కాదు. ఐఎస్‌ఓగా మార్చుకోవాలంటే లినక్స్‌లో బీచంక్ ఉంది. బిన్ పేరు, క్యూ పేరు, కొత్త పేరు వరుసగా ఇస్తే డేటా ట్రాకు ఐఎస్‌ఓగా వస్తుంది. ముందు డబ్ల్యూ ఆప్షన్ పెడితే ఆడియో ట్రాకులు వేవ్ ఫైళ్ళుగా వస్తాయి.

ఆడియో సీడీలో ఫైల్ సిస్టమే ఉండదు. మౌంట్ చేసి ఫోల్డరు వెతకడం వృథా. 2352 బైట్లూ ధ్వనే. సెకండుకు 75 సెక్టర్లు, 1,76,400 బైట్లు. అంటే 44,100 నమూనాలు, రెండు ఛానళ్ళు, ఒక్కోటి రెండు బైట్లు. లెక్క అచ్చంగా సరిపోతుంది. క్యూ లేని ఆడియో బిన్‌ను ఆడాసిటీలో రా డేటాగా ఇంపోర్ట్ చేయండి: 16 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్, స్టీరియో, 44,100. మృదంగం బదులు హోరు వినిపిస్తే బైట్ల వరుస తిరగబడింది, బిగ్ ఎండియన్ పెట్టి చూడండి. అలాంటి ఫైళ్ళ క్యూలో బైనరీ బదులు మోటరోలా అని ఉండాలి. పాటలు ఎక్కడెక్కడ మొదలవుతాయో మాత్రం క్యూ లేకపోతే చెవితోనే విని కోయాలి.

(సభలో ఒకరు: వీసీడీ బిన్‌ను ఐఎస్‌ఓగా మార్చాక వీడియో అంతా గళ్ళుగళ్ళుగా వస్తోందండీ, ఎందుకని?)

మంచి ప్రశ్న అండీ. వీసీడీలో మొదటి ట్రాకు చిన్నది, మామూలు ఫైళ్ళు ఉంటాయి, సెక్టరుకు 2048 బైట్లు. రెండో ట్రాకు నుంచి వీడియో. అక్కడ మోడ్ 2 ఫారం 2 వాడతారు, సెక్టరుకు 2324 బైట్ల డేటా. వీడియోలో ఒకటి రెండు బిట్లు పోయినా కొంప మునగదు కాబట్టి తప్పులు దిద్దే కోడ్ తగ్గించి ఆ చోటు బొమ్మకు ఇచ్చారు. మీ కన్వర్టర్ ప్రతి సెక్టరు నుంచీ 2048 మాత్రమే తీసుకుంది. సెక్టరుకు 276 బైట్ల బొమ్మ కోసి పారేసిందన్నమాట. ఆ ఐఎస్‌ఓను ఎంత బాగు చేసినా రాదు, బిన్ దగ్గరికే తిరిగి వెళ్ళాలి. వీసీడీఇమేజర్ ప్యాకేజీలో వీసీడీఎక్స్‌రిప్ అని ఉంటుంది, అది వీడియో ట్రాకులను పూర్తి ఎంపెగ్ ఫైళ్ళుగా తీస్తుంది. లేదంటే క్యూను వర్చువల్ డ్రైవ్‌లో పెట్టి ఎంపెగ్‌ఏవీ ఫోల్డరులోని డీఏటీ ఫైళ్ళను వీఎల్‌సీలో చూడండి. వచ్చేది 352×288 బొమ్మ. కొత్త టీవీలో మసకగా కనిపిస్తే అది ఇమేజ్ తప్పు కాదు, వీసీడీలో ఉన్నదే అంత.

బిన్ ఉన్నవాళ్ళు అది దాచుకోండి, ఐఎస్‌ఓ వచ్చింది కదా అని చెరపకండి. నన్నడిగితే సీడీల విషయంలో బిన్‌తో పాటు క్యూ దాచడమే సరైన పద్ధతి.

మిగతా సీడీ ఫార్మాట్లు దీని చుట్టాలే. క్లోన్‌సీడీ అనే సాఫ్ట్‌వేర్ మూడు ఫైళ్ళు ఇస్తుంది: సీసీడీ, ఐఎంజీ, సబ్. ఐఎంజీని 2352తో, సబ్‌ను 96తో భాగిస్తే ఒకే సంఖ్య రావాలి, రాకపోతే ఒకటి తెగింది. ఆల్కహాల్ 120 శాతం అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎండీఎఫ్‌లో డేటా ఉంటుంది, ఎండీఎస్‌లో వివరం. డీవీడీ నుంచి తీసిన ఎండీఎఫ్ సాధారణంగా 2048 బైట్లదే, పేరు ఐఎస్‌ఓగా మారిస్తే చాలు. ఎన్‌ఆర్‌జీలో ముందు 150 సెక్టర్ల ఖాళీ ఉండడం మామూలు. డేటా 2048 బైట్లదైతే 3,07,200 బైట్లు దాటించి లినక్స్‌లో ఆ ఆఫ్‌సెట్‌తో మౌంట్ చేయవచ్చు. విన్‌సీడీఈము వీటన్నిటినీ నేరుగా తీసుకుంటుంది.

డీఎంజీకి మ్యాక్ ఉంటే హెచ్‌డీఐయుటిల్ చాలు. ఇమేజ్‌ఇన్ఫో అడిగితే లోపలి కంప్రెషన్ చెబుతుంది, అటాచ్‌కు రీడ్ఓన్లీ జోడించి తెరవండి. విండోస్‌లో 7-జిప్ తెరుస్తుంది, లోపల ఆపిల్ కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్ ఉంటే 22వ వెర్షన్ గానీ ఆ పైది గానీ కావాలి. మొదట్లోనే "ఈఎన్‌సీఆర్‌సీడీఎస్‌ఏ" అనే అక్షరాలు కనిపిస్తే అది పాస్‌వర్డ్ పెట్టిన డీఎంజీ. విండోస్ తాళం బిట్‌లాకర్ అయితే పార్టిషన్ మూడో బైటు నుంచి "-ఎఫ్‌వీఈ-ఎఫ్‌ఎస్-" అని, లినక్స్ తాళం లక్స్ అయితే మొదట్లోనే తన పేరు రాసుకుంటాయి. పాస్‌వర్డ్ లేకుండా తెరుస్తామనేవాళ్ళకు డబ్బులివ్వకండి.

7-జిప్ గురించి ఇంకో మాట. ఐఎస్‌ఓ, యూడీఎఫ్, వీహెచ్‌డీ, వీఎండీకే, వీడీఐ, క్యూకౌ2, విమ్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 ఇన్నింటినీ మౌంట్ చేయకుండానే చూపిస్తుంది. ముందు దానితో చూసి, కుదరకపోతేనే మిగతావి. ముడి బిన్, ఎన్‌ఆర్‌జీ, ఎండీఎఫ్ మాత్రం దానికి చేతకావు.

ఇక ఐఎంజీ. ఈ పేరు అందరూ వాడేశారు: ఫ్లాపీ, సీడీ, రాస్ప్‌బెర్రీ పై కార్డు, మొత్తం హార్డ్ డిస్కు. హార్డ్ డిస్కుదైతే లోపల పార్టిషన్లు ఉంటాయి, మొత్తం ఫైలును మౌంట్ చేయలేం. లినక్స్‌లో ఎఫ్‌డిస్క్‌కు ఎల్ ఆప్షన్ ఇచ్చి పార్టిషన్ మొదలయ్యే సెక్టరు చూడండి. ఈ కాలపు డిస్కుల్లో 2048 ఉంటుంది, 512తో గుణిస్తే 10,48,576. పాత విండోస్ డిస్కుల్లో 63, అంటే 32,256. ఆ సంఖ్యను మౌంట్‌కు ఆఫ్‌సెట్‌గా ఇవ్వాలి. గుణించడం మర్చిపోయి సెక్టరు సంఖ్యే ఇచ్చేస్తారు, అప్పుడు "ఫైల్ సిస్టమ్ తప్పు" అంటుంది. ఈ లెక్క వద్దనుకుంటే లోసెటప్‌కు ఆర్, పీ పెద్దక్షరం, ఎఫ్ ఆప్షన్లు ఇవ్వండి, పార్టిషన్లన్నీ విడిగా కనిపిస్తాయి. విండోస్‌లో ఆ పని ఓఎస్‌ఎఫ్‌మౌంట్ చేస్తుంది.

వర్చువల్ మెషీన్ డిస్కుల్లో ఒక్క హెచ్చరిక. వీఎండీకే ఒక కిలోబైటు కూడా లేకపోతే అది చిట్టా మాత్రమే, డేటా పక్కన "-ఫ్లాట్" అనో "-ఎస్001" అనో ఉన్న ఫైళ్ళలో ఉంటుంది. పేరు చివర 000001 ఉంటే అది స్నాప్‌షాట్, తల్లి ఫైలు లేకుండా పనికిరాదు. తల్లి ఫైలును రాసేలా తెరిస్తే పిల్ల ఫైళ్ళన్నీ చెడతాయి. క్యూఈఎంయూ-ఐఎంజీలో ఇన్ఫో అడిగితే ఈ తల్లీపిల్లల సంబంధం కనిపిస్తుంది.

(సభలో ఒకరు: మెయిల్లో ఇన్వాయిస్ అని ఐఎస్‌ఓ వచ్చింది, తెరవొచ్చా?)

వద్దమ్మా. ఇన్వాయిస్ ఎవరూ డిస్క్ ఇమేజ్‌లో పంపరు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు వేస్తుంది, దాన్ని చూసే హెచ్చరిస్తుంది. ఐఎస్‌ఓను మౌంట్ చేస్తే లోపలి ఫైళ్ళకు ఆ గుర్తు అంటేది కాదు. మోసగాళ్ళు దాన్నే వాడుకున్నారు. మైక్రోసాఫ్ట్ 2022 నవంబరు అప్‌డేట్‌లో దీన్ని సరిచేసింది, అప్‌డేట్ చేయని కంప్యూటర్లకు ఆ రక్షణ లేదు. తప్పనిసరిగా చూడాలంటే 7-జిప్‌తో లోపలి పేర్లు మాత్రమే చూడండి. షార్ట్‌కట్ ఫైలు ఒకటి, పక్కన డీఎల్‌ఎల్ అనే ప్రోగ్రామ్ ఫైలు ఒకటి ఉంటే చెరిపేయండి.

(మరొకరు: సీడీ ఇమేజ్ తెరుచుకుంది, కానీ లోపలి తెలుగు ఫైళ్ళలో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇమేజ్ పాడైనట్టేనా?)

కాదండీ, ఇమేజ్ తన పని చేసింది. అవి యూనికోడ్‌కు ముందు టైప్ చేసినవి అయి ఉంటాయి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కాలం పద్ధతి అది: ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ముక్కలు పేర్చి ఫాంటు తయారుచేశారు. ఫాంటు లేకపోతే ఇంగ్లీషు గందరగోళమే కనిపిస్తుంది. అదే సీడీలో ఫాంట్స్ అని ఫోల్డరు ఉందేమో ముందు చూడండి, డీటీపీ వాళ్ళు చాలామంది ఫాంట్లు కూడా కలిపే రాసేవాళ్ళు. ఏ ఫాంటో తెలిశాక దానికి తగిన కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. వేరే ఫాంటు కన్వర్టర్ పెడితే వత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి, కాబట్టి ఒక పేజీ మార్చి చదివి చూసుకున్నాకే మిగతావి మార్చండి.